డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిలకు కెమెరా నేర్పించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నారాయణపేట_చీర | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను మా మండల మహిళా సమాఖ్యలో పని చేస్తాను. సంఘం సభ్యుల కూతుళ్లు చాలామంది డిగ్రీ అయిపోయి, కొందరు ఇంటర్‌తోనే ఆగిపోయి ఇంట్లో ఉన్నారు. కుట్టు మిషన్లు, బ్యూటీషియన్ కోర్సు అన్నీ అయిపోయాయి. ఊరికి అరడజను మంది టైలర్లు తయారయ్యారు, కుట్టించుకునేవాళ్లు మాత్రం పెరగలేదు. ఈసారి పిల్లలే వచ్చి అడిగారు, ఫొటోలు, వీడియో, ఎడిటింగ్ నేర్పించండి అని. ఒకాయన కొంత డబ్బు ఇస్తానన్నారు. షరతులేమీ పెట్టలేదు.

నా టెన్షన్ ఏంటంటే, నాకు కెమెరా గురించి ఓనమాలు కూడా తెలియవు. పాతిక మంది దాకా పేర్లిచ్చారు. కెమెరాలు కొనాలా, ఫోన్లతో సరిపెట్టాలా? నేర్చుకున్నాక వాళ్లకు పని ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లోవాళ్లను ఏం చెప్పి ఒప్పించాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

పల్లె_యూట్యూబ్ | మంగళవారం, రాత్రి 9:31

దీనికి శిక్షణ దేనికండీ? చేతిలో ఫోన్ ఉంది, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి. నేను అలాగే నేర్చుకున్నా. ఆ డబ్బుతో తలా ఒక రింగ్ లైట్ కొనివ్వండి, సరిపోతుంది.

ఐఎస్ఓ_100 | మంగళవారం, రాత్రి 10:05

అన్నా, ఆ ఫోన్ ఎవరిది? మా ఊళ్లో నా ఫ్రెండ్స్ ఫోన్ల పాస్‌వర్డ్‌లు వాళ్ల అన్నయ్యలకు తెలుసు. చీకటి పడితే ఫోన్ నాన్న దగ్గరికి వెళ్లిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉందని చెప్పిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద 54 శాతమే. నువ్వు రాత్రి పదకొండింటికి బస్టాండ్‌లో నిలబడి షూట్ చేసుకోగలవు, నిన్నెవరూ ఏమీ అనరు. వాళ్లకు ఆ వీలు లేదు కాబట్టే నలుగురు కలిసి నేర్చుకునే చోటు కావాలి.

నారాయణపేట అక్కా, నేను హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ చదివాను. నాకు తోచింది చెప్తాను. మొదటి వారం కెమెరా ముట్టుకోనివ్వకండి. ఫోన్‌తోనే, ఒకే మనిషిని పొద్దున ఏడింటికి వాకిట్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆ తర్వాత వసారాలో గుమ్మం పక్కన నిలబెట్టి తీయమనండి. మధ్యాహ్నం ఫొటోలో నుదురు బర్న్ అయిపోతుంది, కళ్లు నల్లటి గుంటల్లా పడతాయి. అదే మనిషి వసారాలోకి రెండడుగులు వేయగానే కళ్లలో మెరుపు కనిపిస్తుంది, చీర అంచు కూడా కనిపిస్తుంది. ఈ తేడా వాళ్లు స్వయంగా చూశాక అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలో తేల్చే మూడు సెట్టింగులు) చెబితే ఇట్టే ఎక్కుతాయి. ముందే బోర్డు మీద ఆ మూడింటి ట్రయాంగిల్ గీసి మొదలుపెడితే నోట్స్ రాసుకుని ఇంటికి వెళ్తారు.

ఇంకోటి, ఫోన్లలో బ్యూటీ మోడ్ మొదటి రోజే ఆపేయించండి. మన పిల్లల చామనఛాయకు అది గోడకు సున్నం కొట్టినట్టు కొడుతుంది. తన రంగు తనకే నచ్చని పిల్ల ఎదుటివాళ్ల ఫొటో ఏం తీస్తుంది?

ముహూర్తం_స్టూడియో | బుధవారం, ఉదయం 6:48

తెనాలి దగ్గర స్టూడియో నడుపుతున్నాను. రీలు కెమెరా రోజుల నుంచీ ఇదే పని. మేడమ్, పని ఎక్కడ దొరుకుతుందన్నారు కదా, ముందు దానికే జవాబు చెప్తా. మాకు ఆడ ఫొటోగ్రాఫర్లు దొరకడం లేదు. మంగళస్నానాలు, ఓణీల ఫంక్షన్, సీమంతం, బారసాల, ఏది బుక్ చేసుకున్నా పార్టీవాళ్లు ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న "లేడీ ఫొటోగ్రాఫర్ ఉన్నారా అండీ?" అనే. పసుపు నీళ్లు పోస్తున్నప్పుడు ఎదురుగా మగవాడు కెమెరా పట్టుకుని ఉంటే పెళ్లికూతురు తడిసిన చీర సర్దుకోవడంలోనే ఉంటుంది. ఇంక నవ్వెక్కడ? తీసేది అమ్మాయి అయితే పిన్నులూ అత్తలూ కూడా కొంగు బిగించి వచ్చేస్తారు. కరిజ్మా ఆల్బమ్‌లో (పుస్తకంలా వచ్చే పెళ్లి ఆల్బమ్) బాగా వచ్చే పేజీలు అవే.

కష్టాలు కూడా చెప్పాలి. మన ముహూర్తాలు సగం అర్ధరాత్రి దాటాకే. రెండింటికి జీలకర్రబెల్లం అంటే తలంబ్రాలు, అరుంధతి దర్శనం అయ్యి సామాను సర్దేసరికి తెల్లారిపోతుంది. ఆడపిల్లల్ని ఇద్దరేసి పంపండి, ఒక్కరిని పంపొద్దు. రానూపోనూ బండి, విడిగా ఒక గది పార్టీవాళ్లే ఇవ్వాలని అడ్వాన్స్ తీసుకునేటప్పుడే రాయించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. మందు కొట్టి వచ్చి "మీ ఇన్‌స్టా ఐడీ చెప్పండి" అని వెంటపడే బావమరుదులు ప్రతి పెళ్లిలో ఉంటారు. పెళ్లి పెద్ద ఎవరో, ఎవరికి చెప్పాలో ముందే తెలుసుకోమనండి.

పనిలో మెలకువలు పెళ్లిలోనే వస్తాయి. మండపంలో చవక ఎల్ఈడీ లైట్లు పెడతారు. షట్టర్ స్పీడ్ సెకనులో 1/250 వంతు ఉంటే ఫొటోల మీద అడ్డంగా చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50కో 1/100కో దింపితే చాలావరకు పోతాయి. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఈ సంగతి తెలియదు. అలాగే తెర దించే క్షణం. పంతులుగారితో ముందే ఒక మాట అనుకోకపోతే ఆయన వీపే వస్తుంది, రీటేక్ ఉండదు.

నా సలహా: శిక్షణ ఆషాఢంలో పెట్టండి, లేదంటే మూఢంలో. అప్పుడు మాకు గిరాకీ ఉండదు, నేర్పేవాళ్లు ఖాళీగా ఉంటారు. శ్రావణంలో ముహూర్తాలు మొదలవగానే పిల్లల్ని అసిస్టెంట్లుగా తీసుకెళ్లొచ్చు. రోజు కూలీ ముందే మాట్లాడుకోండి. "నేర్చుకుంటోంది కదా" అని ఊరికే తిప్పుకునేవాళ్లున్నారు మా లైన్‌లో.

కెమెరా_అక్క | బుధవారం, ఉదయం 8:20

నేను శ్రీకాకుళం జిల్లా. ఇలాంటి శిక్షణే తీసుకున్నాను, సంస్థ పేరు వద్దులెండి. బాగా నేర్పారు. చివరి రోజు కలెక్టరేట్ నుంచి ఎవరో వచ్చారు, సర్టిఫికెట్లు ఇచ్చారు, గ్రూప్ ఫొటో దిగాం. మర్నాడు కెమెరాలన్నీ ఆఫీసు బీరువాలోకి వెళ్లిపోయాయి. మా ఊళ్లో జాతర ఉంది, రెండు రోజులకు ఒక కెమెరా ఇవ్వండి అని అడిగితే "పోతే ఎవరు బాధ్యత?" అన్నారు. ఆడిట్‌లో చూపించాలట. ఏడాది తర్వాత చూస్తే బ్యాటరీలు ఉబ్బిపోయి, లెన్స్‌ల లోపల ఫంగస్ పట్టి ఉంది. మాతో నేర్చుకున్నవాళ్లలో ఇప్పుడు ఈ పని చేస్తున్నది ఇంట్లో కెమెరా కొనిచ్చిన ఇద్దరమే.

కాబట్టి అక్కా, ఎన్ని కెమెరాలు కొంటారో తర్వాత చూసుకోండి. శిక్షణ అయిపోయిన మర్నాడు అవి ఎవరి చేతిలో ఉంటాయో ముందు తేల్చండి.

నారాయణపేట_చీర | బుధవారం, ఉదయం 11:02

కెమెరా_అక్క గారూ, మా బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి మీ మాట నాకు బాగా తగిలింది. లైబ్రరీ పుస్తకంలా రిజిస్టర్ పెట్టి ఇవ్వొచ్చా? పాడైతే ఎలా?

కెమెరా_అక్క | బుధవారం, ఉదయం 11:40

ఇవ్వొచ్చు. ఇద్దరు పిల్లల పేరు మీద ఒక కెమెరా రాయండి, పూచీ వాళ్ల అమ్మల సంఘానిది. మీ సంఘాలు లక్షల రూపాయల అప్పులే ఒకరికొకరు పూచీ ఉండి తీర్చుకుంటున్నాయి, ఒక కెమెరాకు ఉండలేవా? తేమ పట్టకుండా మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టమనండి, వానాకాలంలో మరీ ముఖ్యం.

జొన్నరొట్టె | బుధవారం, మధ్యాహ్నం 1:15

ఇంతమంది రాశారు గానీ మన పక్కనే ఉన్న పస్తాపూర్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? మాది జహీరాబాద్ వైపు. పస్తాపూర్‌లో ఉన్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. జొన్న, కొర్ర, సజ్జ పండించుకునే పేద దళిత మహిళల సంఘాలు దానివి. దాన్ని నడిపిన పీవీ సతీష్ గారు టెలివిజన్‌లో పని చేసి వచ్చినవారు (2023 మార్చిలో పోయారు). 1990ల చివర్లో అక్కడి ఆడవాళ్లకు వీడియో కెమెరా నేర్పించారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లే, పొద్దంతా కూలికి పోయేవాళ్లు.

నాకు బాగా నచ్చింది కెమెరా ఎత్తును వాళ్లు అర్థం చేసుకున్న తీరు. పైనుంచి కిందికి తీస్తే వాళ్లు దాన్ని పటేల్ షాట్ అన్నారు, గట్టు మీద నిలబడి కూలోళ్లను చూసే చూపు కాబట్టి. కిందినుంచి పైకి తీస్తే అది జీతానికున్నవాడు దొరను చూసే చూపు. కళ్లకు సరిగ్గా ఎదురుగా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ నేల మీద కలిసి కూర్చుంటారు కదా. లో యాంగిల్, హై యాంగిల్ అని బట్టీ పట్టిన మన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఒక ముసలమ్మ ఇంటర్వ్యూ తీసేటప్పుడు నిలబడే తీస్తారు. వీళ్లు ముందు కింద కూర్చుంటారు.

తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. వరంగల్ వైపు రైతులు బీటీ పత్తి వేసి ఏమయ్యారో పంట కాలమంతా పొలాలకు పోయి వీడియో తీశారు. ఒక్కరోజు వెళ్లి బైట్ తీసుకొచ్చే పని కాదది. విత్తినప్పుడు మాట్లాడిన రైతు దగ్గరికే కాయ కట్టినప్పుడు వెళ్లారు, లెక్క తేలినప్పుడూ వెళ్లారు. వ్యవసాయం తెలిసినవాళ్లు కాబట్టి ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో వాళ్లకు తెలుసు.

రేడియో సంగతి కూడా చెప్తా. మాచ్‌నూర్‌లో స్టూడియో కట్టుకుని ఏళ్ల తరబడి లైసెన్స్ కోసం ఎదురుచూశారు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది. కానీ స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వ విధానం వచ్చేసరికి 2006 అయింది. ఆ మధ్యకాలంలో ప్రోగ్రాములు క్యాసెట్లలో రికార్డ్ చేసి సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. మైకు ముందు కూర్చుని దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

నారాయణపేట నుంచి జహీరాబాద్ మరీ దూరమేం కాదు. మీ పిల్లల్ని ఒకసారి తీసుకుపోండి. ఆ అమ్మలతో ఒక పూట కూర్చుంటే చాలు.

పల్లె_యూట్యూబ్ | బుధవారం, మధ్యాహ్నం 1:50

సంఘం షాట్ సంగతి నాకు తెలియదు, చాలా బాగుంది అన్నా. కానీ వాళ్లకు సంస్థ అండ ఉంది. మామూలు పిల్లలకు ఎవరున్నారు? నా చానల్‌కు వచ్చే డబ్బు నా పెట్రోలుకు సరిపోదు, చెప్పుకోను గానీ.

డాలస్_గోంగూర | బుధవారం, రాత్రి 8:30

చాలా మంచి పని మేడమ్. ఇక్కడ మా తెలుగువాళ్లలో మూల పడేసిన డీఎస్ఎల్ఆర్‌లు ఇంటికొకటి ఉంటుంది, అందరూ ఫోన్లకు మారిపోయారు కదా. ఓ ఏడెనిమిది సేకరించి డిసెంబర్‌లో వచ్చేవాళ్లతో పంపగలను. ఒక చిన్న రిక్వెస్ట్. ప్రతి అమ్మాయి గురించి ఒక నిమిషం వీడియో కావాలి. ఇల్లు, అమ్మానాన్న, పేదరికం, చదువు ఎందుకు ఆగిపోయింది, అలా. మా వాళ్లకు చూపిస్తే విరాళాలు బాగా వస్తాయి.

పాత_డెస్క్ | బుధవారం, రాత్రి 9:55

గోంగూర గారూ, మీ మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ కెమెరా పట్టుకోవడం నేర్పిస్తామని పిలిచి, ముందు వాళ్లనే కెమెరా ముందు నిలబెట్టి ఏడిపించడం ఏం న్యాయం? ఆ అమ్మాయికి రేపు పెళ్లి సంబంధం చూస్తారు. ఆ వీడియో యూట్యూబ్‌లో అలాగే ఉంటుంది. మీకు వీడియోలు కావాలంటే వాళ్లు తీసినవి అడగండి. మగ్గం మీద వాళ్ల నాన్న నేసే చీర, శనివారం సంత, పైపు పగిలి నీళ్లు రాని బజారు. డబ్బులిచ్చేవాళ్లకు పని చూపించండి.

నేను పత్రిక డెస్క్‌లో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. జిల్లా ఎడిషన్‌కు రోజూ వచ్చే ఫొటోల్లో ఆడవాళ్లంటే బతుకమ్మ, బోనాలు, నీళ్ల బిందెలు, శవం దగ్గర ఏడుపు. అంతే. తీసేవాళ్లంతా మగవాళ్లయినప్పుడు వాళ్లు వెళ్లగలిగిన చోటే బొమ్మ వస్తుంది. వంటింట్లోకి, ప్రసూతి వార్డులోకి, అంగన్‌వాడీ మూల గదిలోకి ఫొటోగ్రాఫర్ అడుగు పెట్టడు.

ఈ సంగతి మన హైదరాబాద్‌లో ఎప్పుడో తెలుసు. నిజాం దగ్గర పని చేసిన రాజా దీన్ దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడలు కట్టించి, లోపల ఫొటోలు తీసే పని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ ఆవిడకు అప్పగించాడు. తెనాలి స్టూడియో గారికి ఇప్పుడు వస్తున్న ఫోన్లే ఆయనకు 130 ఏళ్ల కిందట వచ్చి ఉంటాయి.

హోమాయ్ వ్యారావాలా పేరు పిల్లలకు చెప్పండి. 1913లో నవ్‌సారిలో పుట్టిన పార్సీ ఆవిడ. మన దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు అంటారు. చీర కట్టుకుని, బరువైన కెమెరా భుజాన వేసుకుని ఢిల్లీలో సైకిల్ మీద తిరిగేది. స్వాతంత్ర్యం వచ్చిననాటి ఫొటోలు మనం చూసినవాటిలో ఆమెవి ఎన్నో ఉన్నాయి. 1970లో ఒక్కసారిగా కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వస్తున్న ఫొటోగ్రాఫర్ల పద్ధతులు నచ్చక మానేశానని ఆమే చెప్పింది. 2011లో పద్మ విభూషణ్ ఇచ్చారు.

మోడరేటర్ | బుధవారం, రాత్రి 10:20

ఒక కామెంట్ తీసేశాను. "ఆడపిల్లల చేతికి కెమెరా ఇస్తే రీల్స్ చేసి చెడిపోతారు" అన్న అభిప్రాయం ఉంటే మర్యాదగా వాదించండి. సభ్యుల ఇంట్లో ఆడవాళ్ల మీదికి వెళ్లొద్దు. చర్చ కొనసాగించండి.

నారాయణపేట_చీర | గురువారం, ఉదయం 7:05

తీసేసిన ఆ కామెంట్ నేను చదివాను. అందులో మాటలు ఇక్కడ కొత్తేం కాదు. నిన్న ఒక అమ్మాయి నాన్న సరిగ్గా అదే అన్నాడు. "ఫొటోలు తీసే పిల్లకు సంబంధాలు రావు" అని. వాళ్ల అమ్మ మా సంఘం లీడర్. ఏం మాట్లాడకుండా ఊరుకుంది. ఏం చెప్పాలి ఈయనకు?

ఐఎస్ఓ_100 | గురువారం, ఉదయం 8:44

చెప్పడం కాదక్కా, డబ్బు చూపించాలి. మా నాన్న కూడా నేను మొదటి బిల్లు ఇంట్లో ఇచ్చేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఊళ్లోనే, పగటిపూట, అందరి కళ్లెదుట అయ్యే పనితో మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. జూన్‌లో స్కూలు, కాలేజీ అడ్మిషన్లు, ఆ తర్వాత స్కాలర్‌షిప్‌లు, పింఛన్ దరఖాస్తులు, బ్యాంకు ఖాతాలు. ముసలివాళ్లు ఫొటో కోసం ఆటో ఎక్కి మండలానికి వెళ్తున్నారు. తెల్ల గుడ్డ, కిటికీ వెలుతురు, ఒక చిన్న ఫొటో ప్రింటర్ ఉంటే 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటో గుమ్మం ముందే ఇచ్చేయొచ్చు. కదల్లేని అవ్వల ఇంటికే వెళ్లి తీసివ్వొచ్చు. అలా ఒక నెల గడిస్తే ఊరంతా "ఫొటోల పిల్ల" అని పిలుస్తుంది, నాన్నలు కూడా అలవాటు పడతారు.

మీ పేరులోనే ఇంకో పని ఉంది. నారాయణపేట చీరకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. నేతవాళ్లు వాట్సాప్‌లో పెట్టే ఫొటోలు చూశారా? ట్యూబ్ లైటు కింద, ఫ్లాష్ వేసి. మెరూన్ చీర ఎర్రగా కనిపిస్తుంది, కొన్నవాళ్లు రంగు తేడా అని తిప్పి పంపుతారు. పొద్దున నీడలో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ (రంగులు ఉన్నవి ఉన్నట్టు వచ్చే సెట్టింగు) సరిచేసుకుని తీస్తే ఆ గొడవ సగం పోతుంది. చిన్న గళ్ల చీరలు ఫోన్ తెర మీద అలలు అలలుగా కనిపిస్తాయి, అప్పుడు కొంచెం దగ్గరికో దూరానికో జరగాలి. ఒక చీరకు నాలుగు ఫొటోలు చాలు: మొత్తం పరిచినది, కొంగు, అంచు దగ్గరి నుంచి, కుచ్చిళ్లు పెట్టి వేలాడదీసినది. ఫొటోకు ఇంతని సొసైటీతో మాట్లాడుకోండి. ఇది ఏడాది పొడుగునా ఉండే పని, మూఢం ఉండదు.

ముహూర్తం_స్టూడియో | గురువారం, ఉదయం 9:10

ఈ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. పెళ్లిళ్ల కంటే ముందు ఇదే చేయించండి.

లాయరమ్మ | గురువారం, మధ్యాహ్నం 12:30

ఆలస్యంగా చూశాను. ఎవరూ చెప్పని రెండు మూడు సంగతులు.

ఫొటో ఎవరిది? కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. అంటే పెళ్లి ఫొటోలు పార్టీవాళ్లవి. వాళ్లను అడగకుండా తన ఇన్‌స్టాలో శాంపిల్‌గా పెట్టుకుంటే గొడవ అవుతుంది. బుకింగ్ కాగితంలోనే "మా పని చూపించుకోవడానికి పది ఫొటోలు వాడుకుంటాం" అని ఒక లైను రాయించుకోండి. జీతానికి పని చేస్తే హక్కు యజమానికి పోతుంది. కాబట్టి శిక్షణలో పిల్లలు తీసిన ఫొటోలు ఎవరివో మీ సమాఖ్య కూడా రాసివ్వాలి. పిల్లలవే అని రాయండి, దాతకు వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వండి.

రెండోది రక్షణ. అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని రహస్య భాగాలను ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మంగళస్నానాలు తీసే పిల్లలకు ఇది రెండు వైపులా పనికొస్తుంది. వాళ్ల మీద ఎవరైనా ఇలాంటి పని చేసినా ఇదే చట్టం, వాళ్ల మెమరీ కార్డు నుంచి ఏదైనా బయటికి పోయినా చిక్కు వాళ్లకే. కార్డు ఇంట్లో అన్నయ్య లాప్‌టాప్‌లో పెట్టి వదిలేయకూడదని గట్టిగా చెప్పండి. ఎవరైనా ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే భయపడి డబ్బు పంపొద్దు, మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ అయితే 1930.

మూడోది, చిన్నపిల్లల ఫొటోలు. బడిలో తీసేటప్పుడు తల్లిదండ్రుల అనుమతి కావాలి. టీచర్ సరేనంటే సరిపోదు.

డాలస్_గోంగూర | గురువారం, రాత్రి 7:15

పాత_డెస్క్ గారూ, మీరు చెప్పింది అర్థమైంది. పిల్లలు తీసిన వీడియోలే పంపండి, అవే చూపిస్తాం. మా వాళ్లు కొందరు సణుగుతారు, నేను చూసుకుంటా. ఒక ప్రశ్న. వార్తల వైపు వెళ్లాలనుకునే అమ్మాయికి దారి ఉందా? పెళ్లి ఫొటోలు, చీరల ఫొటోలు సరే, అంతకు మించి?

పాత_డెస్క్ | గురువారం, రాత్రి 9:02

ఉంది, కష్టమైన దారి. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో ఖబర్ లహరియా అనే పత్రిక మొదలైంది. బుందేలీ భాషలో, దళిత, ఆదివాసీ, ముస్లిం మహిళలే విలేకరులుగా. వాళ్లే రాసి, ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు. 2009లో యునెస్కో కింగ్ సెజోంగ్ అక్షరాస్యతా బహుమతి వచ్చింది. ఇప్పుడు కాగితం మానేసి ఫోన్లతో వీడియో వార్తలు చేస్తున్నారు. ఖబర్ లహరియా కంటే ఒక ఏడాది ముందే, 2001లో, మన చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు నవోదయం అనే పత్రిక తెచ్చారు, వార్తలు సేకరించింది, రాసింది వాళ్లే. ఆ రోజుల్లో మా డెస్క్‌లో దాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. మా కంట్రిబ్యూటర్‌కు అందని వార్తలు అందులో ఉండేవి: రేషన్ డీలర్ తూకం, బాల్య వివాహం, సారా బట్టీ.

ఖబర్ లహరియా నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు నెలనెలా జీతం ఇచ్చారు. మన దగ్గర మండల విలేకరికి జీతం ఇవ్వకుండా యాడ్స్ తెమ్మంటారు. ఆ పద్ధతిలోకి ఈ పిల్లల్ని తోయొద్దు. రాసింది బాగుంటే డబ్బిచ్చి వేసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. పల్లె బతుకుల కోసం పి.సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పారి వెబ్‌సైట్ ఒకటి, తెలుగులోనూ వస్తుంది. ఒక్క మంచి ఫొటో వ్యాసం చేయించి పంపించండి.

ముహూర్తం_స్టూడియో | గురువారం, రాత్రి 9:40

డెస్క్ గారి మాటలు వింటుంటే ఉషారు వస్తుంది గానీ నేను మళ్లీ డబ్బు దగ్గరికే వస్తా. ఆర్‌సెటీల్లో, అదే, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో, ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ కోర్సు ఉంటుంది. నెల రోజులు, ఉచితం, భోజనం వసతి వాళ్లవే. మీ జిల్లాలో ఈసారి బ్యాచ్ ఉందో లేదో కనుక్కోండి. పిల్లలు ఎక్కువమంది ఉంటే వాళ్లే బ్యాచ్ వేయొచ్చు. అప్పుడు దాత డబ్బు మొత్తం కెమెరాలకు మిగులుతుంది.

కొత్తవి కొనకండి. క్రాప్ సెన్సార్ బాడీ (సెన్సార్ చిన్నగా ఉండే కెమెరా) సెకండ్ హ్యాండ్‌లో కొనండి, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) చూసుకోండి. ఒక 50 ఎంఎం 1.8 లెన్స్ మాత్రం కొత్తది కొనండి, చీకటి ఇళ్లలో అదే దిక్కు. తర్వాత సొంతంగా కొనుక్కోవాలంటే సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది, ముద్ర రుణాల్లో శిశు కింద 50 వేల దాకా ఇస్తారు.

నారాయణపేట_చీర | శుక్రవారం, రాత్రి 8:18

నిన్న సమాఖ్య మీటింగ్‌లో ఇదంతా చదివి వినిపించాను. అనుకున్నవి ఇవి. పాతిక మంది వద్దు, మొదట పన్నెండు మందే. ఇద్దరికి ఒక కెమెరా, రాత కెమెరా_అక్క గారు చెప్పినట్టే అమ్మల సంఘం పూచీతో. నేత సొసైటీవాళ్లు ఫొటోకు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, బేరం ఇంకా తెగలేదు. జహీరాబాద్ ప్రయాణానికి అమ్మలు కూడా వస్తామంటున్నారు, బస్సు మాట్లాడాలి.

ఆ సంఘం లీడర్ ఈసారి నోరు విప్పింది. "నా పాస్‌బుక్ ఫొటోకు నేను మండలం పోయొస్తే కూలి పోయింది, నా బిడ్డ తీస్తే ఆ కూలి మిగులుతది" అంది. వాళ్లాయన ఇంకా ఒప్పుకోలేదు. పేరు మాత్రం రాయించింది.

@లాయరమ్మ మేడమ్, అనుమతి పత్రం తెలుగులో ఒకటి రాసిస్తారా? చదువు రాని అవ్వలకు చదివి వినిపించేలా ఉండాలి.

లాయరమ్మ | శుక్రవారం, రాత్రి 9:00

ఆదివారం ఇక్కడే పెడతాను. ఒక పేజీ దాటదు. వేలిముద్ర వేసేవాళ్లకు సాక్షి సంతకం చోటు ఉంచుతాను. "తర్వాత వద్దనుకుంటే తీసేయమని అడగొచ్చు" అనే లైను పిల్లలు తప్పకుండా చదివి వినిపించాలి.

ఐఎస్ఓ_100 | శుక్రవారం, రాత్రి 9:26

ఆషాఢంలో మొదటి వారం నేను వస్తానక్కా. ఛార్జీలు చాలు. పల్లె_యూట్యూబ్ అన్నా, ఎడిటింగ్ నువ్వు నేర్పుతావా? ఫోన్‌లో నువ్వు కోసే వేగం నాకు రాదు.

పల్లె_యూట్యూబ్ | శుక్రవారం, రాత్రి 9:41

వస్తా. రింగ్ లైట్ కూడా తెస్తా, నవ్వొద్దు.

డాలస్_గోంగూర | శుక్రవారం, రాత్రి 10:15

ఆరు కెమెరాలు ఖాయం, ఇంకో రెండు రావొచ్చు. డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు, ఆషాఢం లోపు మా అత్తయ్యగారు వస్తున్నారు, సూట్‌కేస్‌లో పెడతాం.

ముహూర్తం_స్టూడియో | శుక్రవారం, రాత్రి 10:32

బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయొద్దని చెప్పండి, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే తేవాలి. ఛార్జర్లు మన 230 వోల్టులకూ పనిచేస్తాయి, మీద 100–240 అని రాసి ఉందో లేదో చూడండి. ప్లగ్గు మాత్రం మన సాకెట్‌లో పట్టదు. మేడమ్, అడాప్టర్లు మీరు ఇక్కడే కొనిపెట్టుకోండి.